ముప్పై ఓట్లూ స్కీన్స్‌కే, మరి హోమ్ రన్లు ఎవరు కొడతారు?

మా పైరేట్స్ బేస్‌బాల్ జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్‌కి ఈ ఏడాది, అంటే 2025లో, నేషనల్ లీగ్‌లో బెస్ట్ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది. ఓటేసిన 30 మందీ అతన్నే మొదటి స్థానంలో పెట్టారు. మర్నాడు ఆఫీసులో నాకు కంగ్రాట్స్ చెప్పనివాళ్లు లేరు, ఆ కుర్రాణ్ణి నేనే పెంచి పెద్దచేసినట్టు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ అభిమానికి ఇలాంటి రోజులు అరుదు కాబట్టి నేనూ మొహమాటపడకుండా అన్నీ అందుకున్నాను. ఆ సంబరం లంచ్ దాకా నిలిచింది. తర్వాత అతని లెక్కలు ఇంకోసారి చూస్తే మళ్లీ ఒళ్లు మండింది.

10 గెలుపులు, 10 ఓటములు.

బేస్‌బాల్ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఈ ఆటలో గెలుపోటములు పిచర్ల ఖాతాలోనూ రాస్తారు. అతని ఈఆర్ఏ 1.97. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు రన్నులు కూడా ఇవ్వలేదన్నమాట. 216 స్ట్రైకౌట్లు తీశాడు, అంటే అన్నిసార్లు బ్యాటర్‌ని బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. ఒక పిచర్ ఇంతకంటే చేయగలిగింది ఏమీ లేదు. అలాంటివాడు గెలిచినన్ని మ్యాచులూ ఓడాడంటే, మిగతావాళ్లు బ్యాట్లు పట్టుకుని ఏం చేస్తున్నట్టు?

ఏం చేశారో చెబుతాను. 2025లో మావాళ్లందరూ కలిసి కొట్టిన హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, 117. ఉన్న 30 జట్లలో మేమే ఆఖరు. సియాటిల్ క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) క్యాల్ రాలీ ఒక్కడే 60 కొట్టాడు. మా జట్టు మొత్తం కలిసినా ఆ ఒక్క మనిషికి రెండింతలు కాలేకపోయింది.

మే 18న ఫిలడెల్ఫియాలో జరిగిన మ్యాచ్ అయితే నాకు ఇప్పటికీ అరగలేదు. ఆదివారం, టీవీ ముందు నేను, పక్కన బట్టలు మడతపెడుతూ మా ఆవిడ. స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒకే ఒక్క రన్ ఇచ్చాడు. అతని కెరీర్‌లో మొదటి కంప్లీట్ గేమ్ అది, అంటే మధ్యలో ఇంకో పిచర్ రాకుండా ఆట మొత్తం తనే వేశాడు. ఈ రోజుల్లో అలా వేసేవాళ్లే కరువు. మరి ఎనిమిదితోనే ఎందుకు ఆగిందంటే, ఫిలడెల్ఫియా అప్పటికే ముందుంది కాబట్టి వాళ్లకి తొమ్మిదోసారి బ్యాటింగ్‌కి దిగే పని పడలేదు. మావాళ్లు మాత్రం తొమ్మిదిసార్లూ దిగారు, తొమ్మిదిసార్లూ సున్నాయే. స్కోరు 1-0. మా ఆవిడకి ఈ ఆట పెద్దగా పట్టదు. అయినా తెర మీద స్కీన్స్ మొహం చూసి, "పాపం, ఆ అబ్బాయికి వేరే ఎక్కడైనా మంచి ఉద్యోగం చూపించకూడదూ ఎవరైనా?" అంది.

చూపించడానికి ఎవరూ అక్కర్లేదు. 2029 సీజన్ అయ్యాక అతను ఫ్రీ ఏజెంట్. ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లిపోతాడు. 2025 తర్వాత మా చేతిలో ఉన్నవి ఇంకో నాలుగు సీజన్లు. నా టెన్షనంతా అదే.

పైరేట్స్ మాట ఎత్తగానే అందరూ చెప్పేది ఒకటే. చిన్న ఊరు, చిన్న మార్కెట్, డబ్బుల్లేవు. అందులో అబద్ధం లేదు. ఐపీఎల్‌లో వేలానికి ముందు అన్ని జట్లకీ ఒకటే పర్స్, దాన్ని దాటడానికి లేదు. ఇక్కడ మేజర్ లీగ్‌లో ఆ గోలే లేదు, శాలరీ క్యాప్ అన్నదే లేదు. ఒక హద్దు దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి. 2025లో ఆ హద్దు 241 మిలియన్ డాలర్లు. కట్టగలిగినవాడు కట్టేసి ముందుకు పోతాడు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జీతాల ఖర్చు 300 మిలియన్లు దాటింది, మావాళ్లది 100 మిలియన్లకి కూడా చేరలేదు. వరల్డ్ సిరీస్ మళ్లీ డాడ్జర్స్‌కే వెళ్లిందంటే ఆశ్చర్యమేముంది?

డాడ్జర్స్‌లా ఖర్చుపెట్టమని నేను ఎప్పుడూ అడగలేదు. కానీ మిల్వాకీ సంగతేంటి? మాకంటే చిన్న మార్కెట్. మా డివిజనే. వాళ్ల ఓనర్ దగ్గరా కుబేరుడి ఖజానా లేదు. ఈ ఏడాది వాళ్లు 97 మ్యాచులు గెలిచారు, మొత్తం మేజర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ. మేం 71 గెలిచి 91 ఓడాం. పైగా ఆ మిల్వాకీ తరఫున 13 గెలిచి 3 మాత్రమే ఓడిన పిచర్ క్విన్ ప్రీస్టర్ ఎవరనుకున్నారు? 2019 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, మేం మొదటి రౌండ్‌లో ఎంచుకున్న కుర్రాడు. 2024 జులైలో బోస్టన్‌కి ఇచ్చేసి బదులుగా నిక్ యార్క్‌ని తెచ్చుకున్నాం. బోస్టన్ అతన్ని ఈ ఏప్రిల్‌లో మిల్వాకీకి పంపింది. అక్కడ వాళ్లేం మంత్రం వేశారో తెలియదు కానీ సీజన్ అయ్యేసరికి స్కీన్స్ కంటే మూడు మ్యాచులు ఎక్కువ గెలిచాడు. అందుకే డబ్బుల్లేవన్న మాట నా దగ్గర సగం దాకానే చెల్లుతుంది.

నేను ఈ జట్టుకి దొరికిపోయింది 2013లో. అప్పటికి ఎంఎస్ చదువుతున్నాను. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు ఓటములే ఎక్కువగా ఉన్న జట్టు అది. ఆ ఏడాది అక్టోబర్ 1న వైల్డ్ కార్డ్ మ్యాచ్ (ఓడితే ప్లేఆఫ్ నుంచి ఇంటికే), సిన్సినాటితో, మా పీఎన్‌సీ పార్క్‌లో. టికెట్ దొరకలేదు, ఫ్రెండ్స్ అపార్ట్‌మెంట్‌లో నేలమీద కూర్చుని చూశాం. నల్ల చొక్కాలతో స్టేడియం మొత్తం సిన్సినాటి పిచర్ జానీ క్వేటో పేరుని సాగదీసి అరుస్తోంది. క్వే...టో... అతని చేతిలోంచి బంతి జారి కింద పడింది. జనం ఇంకా గట్టిగా అందుకున్నారు. ఆ తర్వాత వేసిన బంతినే రసెల్ మార్టిన్ స్టాండ్స్‌లోకి కొట్టాడు. నాకు అప్పటికి రూల్స్ సగమే తెలుసు, అరిచింది మాత్రం అందరికంటే నేనే.

ఆ మార్టిన్ ఎలా వచ్చాడో గుర్తుచేయాలని ఇదంతా. క్యాచర్ లేడు. మార్కెట్లో సరైన మనిషెవరో చూశారు. రెండేళ్లకి 17 మిలియన్లు ఇచ్చి తెచ్చుకున్నారు. అంతే. అందులో పెద్ద తెలివితేటలేమీ లేవు, జట్టులో ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ డబ్బు పెట్టారు. 2014 డిసెంబర్లో ఫ్రాన్సిస్కో లిరియానోకి మూడేళ్లకి 39 మిలియన్లు ఇచ్చారు. ఈ క్లబ్ చరిత్రలో ఒక ఫ్రీ ఏజెంట్‌కి ఇచ్చిన అతిపెద్ద కాంట్రాక్టు ఇవాళ్టికీ అదే. 2016 డిసెంబర్ తర్వాత 2025 సీజన్ దాకా అయితే బయటినుంచి వచ్చిన ఏ ఫ్రీ ఏజెంట్‌కీ ఒక్క ఏడాదికి మించి కాంట్రాక్టు ఇచ్చిన పాపాన పోలేదు. 2015లో 98 మ్యాచులు గెలిచి కూడా వైల్డ్ కార్డ్‌లో ఒక్క మ్యాచ్‌తో ఇంటికి పోయాం. ప్లేఆఫ్ మొహం చూడటం అదే ఆఖరు.

ఆ తర్వాత జరిగిన దానికి ఈ ఊళ్లో ఒకే పేరుంది: ఆర్చర్ ట్రేడ్. 2018 జనవరిలో పిచర్ గెరిట్ కోల్‌ని హ్యూస్టన్‌కి, మా స్టార్ బ్యాటర్ మెక్‌కచన్‌ని శాన్ ఫ్రాన్సిస్కోకి పంపేసి, ఇక కొత్త జట్టు కట్టుకుంటాం అన్నారు. సరే అనుకున్నాం. ఏడు నెలలు తిరక్కుండా జులై 31న, లేదు లేదు మేం ఇప్పుడే గెలుస్తాం అంటూ టాంపా నుంచి పిచర్ క్రిస్ ఆర్చర్‌ని తెచ్చి, బదులుగా టైలర్ గ్లాస్‌నౌ, ఆస్టిన్ మెడోస్, వీళ్లు చాలదన్నట్టు షేన్ బాజ్‌ని కూడా ఇచ్చేశారు. ఆర్చర్ 2019లో 3 గెలిచి 9 ఓడాడు. అదే ఏడాది మెడోస్ టాంపాకి 33 హోమ్ రన్లు కొట్టి ఆల్ స్టార్ అయ్యాడు. గ్లాస్‌నౌ ఇప్పుడు డాడ్జర్స్‌లో. మొన్న వరల్డ్ సిరీస్‌లో అతను పిచింగ్ చేస్తుంటే నేను చానెల్ మార్చాను.

ట్రేడ్లు బెడిసికొట్టడం ఏ జట్టుకైనా ఉండేదే. నాకు కోపం దాని తర్వాత పట్టుకున్న భయం మీద. ఆ ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్ పోయి 2019 చివర్లో బెన్ చెరింగ్టన్ వచ్చాడు. ఓపిక పట్టండి, డ్రాఫ్ట్‌తో, మైనర్ లీగ్‌లతో (కుర్రాళ్లు తయారయ్యే కింది లీగులు) కింది నుంచి కట్టుకొస్తాం అన్నాడు. పట్టాం. 2021లో 101 ఓటములు, 2022లో సరిగ్గా 100. కడుపు కట్టుకున్నందుకు ఫలితం రాలేదని అనను. 2023లో మొదటి పిక్ దక్కింది, స్కీన్స్ వచ్చాడు. బబ్బా చాండ్లర్ ఈ ఆగస్టులో వచ్చాడు, చేతిలో నిప్పుంది. జారెడ్ జోన్స్‌కి 2025లో మోచేతి ఆపరేషన్ అయింది. పిచర్లకి ఇక్కడ కొదవ లేదు. సొంతవాళ్లకి అసలు డబ్బు పెట్టలేదనీ అనను, బ్యాటర్ రెనాల్డ్స్‌కి ఎనిమిదేళ్లకి 106.75 మిలియన్లు, పిచర్ కెల్లర్‌కి ఐదేళ్లకి 77 ఇచ్చారు.

బ్యాటర్ల దగ్గరికి వచ్చేసరికి చేతులు వణుకుతాయి. పెన్ హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడిలో నాకు కనబడే ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బైల్లో ఇంజనీరుగా ఈ ఊరు వచ్చారు. 1979లో బాల్టిమోర్ మీద 3-1తో వెనకబడి కూడా విల్లీ స్టార్జెల్ జట్టు వరల్డ్ సిరీస్ ఎలా కొట్టుకొచ్చిందో మ్యాచ్ మ్యాచ్‌గా చెబుతారు. మళ్లీ ఆ కప్పు ఈ ఊరికి రాలేదు. మొన్న కనబడితే అడిగాను, మీకేమనిపిస్తోందండీ అని. "ఏముందోయ్, వీళ్లు పిచర్లని సొంత పొలంలో పండిస్తారు, బ్యాటర్లని మాత్రం సాయంత్రం సంత ముగిసే వేళకి వెళ్లి మిగిలింది ఏరుకొస్తారు" అన్నారు.

నాకు ఇంతకంటే బాగా చెప్పడం చేతకాదు. చూడండి ఎవరెవరిని తెచ్చారో. ఆడమ్ ఫ్రేజియర్ 2021లో మా దగ్గర ఆల్ స్టార్. ఆ జులైలోనే శాన్ డియాగోకి అమ్మేశారు. 2024లో కాన్సస్ సిటీకి .202 సగటుతో (అంటే ఐదు ప్రయత్నాల్లో ఒక్క హిట్) ఆడాక, ఇప్పుడు రావయ్యా అని మళ్లీ పిలిచారు, ఒక్క ఏడాదికి, సుమారు ఒకటిన్నర మిలియన్లకి. ఈ జులైలో అతన్ని తిరిగి ఆ కాన్సస్ సిటీకే పంపేశారు. బాగా ఆడేటప్పుడు అమ్మి, ఆట తగ్గాక కొనడం ఏ వ్యాపారమో నాకు అర్థం కాదు. టామీ ఫామ్, 37 ఏళ్లు, ఒక్క ఏడాదికి 4 మిలియన్లు. అతని మీద నాకేం కోపం లేదు, ప్రాణం పెట్టి ఆడతాడు. కానీ నాలుగో అవుట్‌ఫీల్డర్‌గా ఉండాల్సిన మనిషిని తెచ్చి జట్టు భారం మొత్తం మోయమంటే ఎలా?

రౌడీ టెయెజ్ సంగతి మరీ ఘోరం. 2024లో ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కి ఒక్క ఏడాది కాంట్రాక్టు మీద తెచ్చారు. అతని కాంట్రాక్టులో 425 సార్లు బ్యాటింగ్‌కి వస్తే 2 లక్షల డాలర్ల బోనస్ అని ఉంది. ఇంకో నాలుగుసార్లు వస్తే చాలు, అంటే ఒక్క మ్యాచ్ పని, అనగా సీజన్ చివరి వారంలో తీసేశారు. బోనస్‌కీ దీనికీ సంబంధం లేదు, కుర్రాళ్లకి అవకాశం ఇవ్వడానికే అని క్లబ్ వివరణ. కావచ్చు. ఇది చూసిన రేపటి ఫ్రీ ఏజెంట్ ఏమనుకుంటాడో కూడా ఎవరైనా ఆలోచించారా? చిన్న మార్కెట్‌కి రావడానికి ముందే సందేహించే ఆటగాడికి ఇంకో కారణం మనమే చేతిలో పెట్టాం.

ఫస్ట్ బేస్ అంటే గుర్తొచ్చింది. 2020 డిసెంబర్లో జాష్ బెల్‌ని అమ్మేశాక ఆ చోట నిలదొక్కుకున్నవాడు లేడు. 2021 మే 27న షికాగో కబ్స్‌తో జరిగిన ఆ తమాషా యూట్యూబ్‌లో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇద్దరు అప్పటికే అవుట్. హావియర్ బాయెజ్ కొట్టిన బంతి నేలమీద దొర్లే మామూలు గ్రౌండర్. ఫస్ట్ బేస్‌లో మా విల్ క్రెయిగ్. బంతి అతని చేతిలో ఉంది, వెనక్కి ఒక అడుగేసి బేస్ తొక్కితే ఇన్నింగ్స్ అయిపోతుంది. బాయెజ్ వెనక్కి హోమ్ ప్లేట్ వైపు పరిగెత్తాడు. క్రెయిగ్ బేస్ వదిలేసి అతని వెంట పడ్డాడు, దొంగని తరిమినట్టు. ఈలోగా సెకండ్ బేస్ మీదున్న కాంట్రెరాస్ వచ్చి రన్ తీసుకున్నాడు. దేశమంతా నవ్వింది. క్రెయిగ్ 2016లో మా మొదటి రౌండ్ పిక్ అన్న సంగతి మాకే తెలుసు, మేమే నవ్వలేకపోయాం. ఈ ఏడాది స్పెన్సర్ హార్విట్జ్ వచ్చాక ఆ చోటు కాస్త కుదుటపడింది, ఒప్పుకుంటాను.

ఇంత జరిగినా ఏప్రిల్ నుంచి మే దాకా నెల రోజులు ఒక్క మ్యాచ్‌లోనూ నాలుగు రన్నులు దాటనప్పుడు యాజమాన్యం చేసిందేమిటయ్యా అంటే, మేనేజర్ (అంటే కోచ్) షెల్టన్‌ని తీసేసి డాన్ కెల్లీని పెట్టారు. కెల్లీ ఈ ఊరివాడు, మంచివాడు. కానీ మేనేజర్ చేతికి ఎవర్నిస్తే వాళ్లనేగా దింపేది. మొదటి హోమ్ మ్యాచ్ రోజే స్టేడియం మీద విమానం తిరిగింది, ఓనర్ బాబ్ నటింగ్‌ని జట్టు అమ్మేయమంటూ తోక బ్యానర్‌తో. కింద జనం కూడా అదే అరిచారు. నేను అరవలేదు. అమ్మితే కొనేవాడు ఈ జట్టుని ఈ ఊళ్లో ఉంచుతాడని ఏం నమ్మకం?

జులై 31న డేవిడ్ బెడ్‌నార్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి ఇచ్చేశారు. ఊరి పక్కనున్న మార్స్‌లో పెరిగిన కుర్రాడు, మా క్లోజర్, అంటే చివర్లో వచ్చి ఆట ముగించే పిచర్. ఏప్రిల్ మొదట్లో మైనర్ లీగ్‌కి పంపిస్తే నోరెత్తకుండా వెళ్లి, తిరిగొచ్చి అద్భుతంగా వేశాడు. బదులుగా ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. వాళ్లు ఎదగాలి. థర్డ్ బేస్‌లో హేస్‌ని సిన్సినాటికి పంపారు. అక్కడా వచ్చింది ప్రధానంగా ఒక కుర్రాడే, అతనూ ఎదగాలి. హేస్ బ్యాట్ పడుకుందన్నది నిజమే కాబట్టి అది నేను మింగగలను, బెడ్‌నార్‌ది మాత్రం మింగలేను. ఎప్పుడు చూసినా మా జట్టు ఇంకో మూడేళ్లలో బాగుంటుంది. 2021లోనూ మూడేళ్లే అన్నారు.

ఇప్పుడు అందరి నోటా ఒకే పేరు, కానర్ గ్రిఫిన్. మిసిసిపీ కుర్రాడు, 2024లో తొమ్మిదో పిక్, 19 ఏళ్లు. ఈ ఏడాది మైనర్ లీగ్ మూడు మెట్లు ఎక్కి .333 సగటు, 21 హోమ్ రన్లు, 65 స్టోలెన్ బేసులు (పిచర్ కళ్లుగప్పి పరిగెత్తి అందుకున్నవి). చదువుతుంటేనే ఆకలేస్తుంది. నా భయం ఏమిటంటే, గ్రిఫిన్ వస్తున్నాడుగా అని ఈ చలికాలం మళ్లీ చేతులు ముడుచుకు కూర్చుంటారు. 19 ఏళ్ల పిల్లాడి నెత్తిన ఈ బ్యాటింగ్ మొత్తం పెడతారు. అతను కుదురుకునేసరికి స్కీన్స్ సూట్‌కేస్ సర్దుకుంటూ ఉంటాడు.

2025 డిసెంబర్లో ఆర్లాండోలో వింటర్ మీటింగ్స్, అంటే జట్ల యాజమాన్యాలు ఒకచోట చేరి ఆటగాళ్ల బేరాలు చేసుకునే సమావేశాలు. నేను అడిగేది ఇద్దరు బ్యాటర్లని, అందులో ఒకరు ఎడంచేతి వాటం. ఎందుకంటే మా పీఎన్‌సీ పార్క్ కట్టిందే అలా. ఎడంచేతివాళ్లు ఎక్కువగా కొట్టే కుడి పక్క గోడ 320 అడుగుల దూరంలోనే ఉంది, ఎత్తు మాత్రం మా పాత దిగ్గజం క్లెమెంటే జెర్సీ నంబర్ గుర్తుగా 21 అడుగులు. ఎడం పక్క లోతట్టులో 410 అడుగులు. కుడిచేతివాళ్లు ఎంత గట్టిగా కొట్టినా అక్కడ క్యాచ్ అయిపోతుంది. 2025 సీజన్ అయ్యేసరికి ర్యాన్ ఓహర్న్ లాంటివాడు మార్కెట్లో ఉన్నాడు. ఎడంచేతి బ్యాటర్, ఈ ఏడాది ఆల్ స్టార్, ఫస్ట్ బేస్ కూడా ఆడతాడు. ఇలాంటివాళ్లకి డాడ్జర్స్ ఖజానా అక్కర్లేదు. ఒక్క ఏడాది అంటే రారు, అంతే. రెండేళ్లో మూడేళ్లో ఇవ్వాలి, చేయి వణక్కుండా సంతకం పెట్టాలి.

సీజన్ టికెట్ ప్యాకేజీ రెన్యూ చేసుకోమని క్లబ్ నుంచి సేల్స్ అబ్బాయి ఫోన్ చేస్తున్నాడు. మర్యాదస్తుడు. ఓపెనింగ్ డే టికెట్ కలిపి ఇస్తాం, బాబుల్‌హెడ్ బొమ్మ ఇస్తాం అన్నాడు. బొమ్మ వద్దు బాబూ, ఎవరైనా బ్యాటర్‌కి రెండేళ్ల కాంట్రాక్టు ఇచ్చిన రోజు నేనే ఫోన్ చేస్తాను, నంబర్ ఇవ్వు అన్నాను. ఈ మాట చాలామంది చెబుతున్నారండీ అని నంబర్ ఇచ్చాడు.